మన ఇళ్ళలో పేకాట - చట్టం మాటేమిటి?

పేకాట గురించి మన పత్రికలో రాయడమేమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. వారికి ముందుగానే మా నమస్కారం. కాని ఈ న్యూజెర్సీలో నాలుగు తెలుగు కుటుంబాలు శనివారం రాత్రి ఒకచోట చేరితే, భోజనాలయ్యి, పిల్లలు బేస్‌మెంటులోకి దిగిపోయాక, ఎవరో ఒకరు పేక తీయకమానరు. మేమిద్దరమూ ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళమే. కనుక సన్యాసుల్లా ఉపదేశం చేసే హక్కు మాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు.

మేము ఈ దేశం వచ్చిన కొత్తలో ఆటంటే పదమూడు ముక్కల రమ్మీయే. రెండు పేకలు కలిపి, జోకరు తీసి, పాయింటుకు అయిదు సెంట్ల చొప్పున తెల్లవారేదాకా ఆడినా పది డాలర్లు చేతులు మారితే గొప్ప. ఇప్పుడు కుర్రకారు వచ్చి బల్లను ఆక్రమించుకున్నారు. వాళ్ళది టెక్సస్ హోల్డెమ్ అనే పోకరు. చేతికి రెండు ముక్కలు, బల్లమీద అందరికీ ఉమ్మడిగా అయిదు. ఆ ఏడింటిలోంచి మంచి అయిదు ఏరుకోవాలి. మధ్యమధ్య పందెం పెంచవచ్చు, నచ్చకపోతే ముక్కలు దించేయవచ్చు. ఈ పిచ్చి ముదరడానికి కారణం 2003లో టెన్నెసీకి చెందిన ఒక అకౌంటెంటు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, చిన్న పందెంతో అర్హత సంపాదించి, లాస్ వేగాస్‌లో జరిగిన ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. అతని పేరు క్రిస్ మనీమేకర్. అది అసలు ఇంటిపేరేనంటే మా బల్ల దగ్గర ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

అసలు సంగతికి వస్తాము. ఈమధ్య మా మిత్రబృందంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఎవరింట్లో ఆట జరిగితే వారికి పులిహోర, బజ్జీలు, కాఫీలు అంటూ ఖర్చవుతోంది కదా, ప్రతి ఆటలోనూ పందెం మొత్తంలోంచి ఒక డాలరు తీసి డబ్బాలో వేసి ఇల్లుగలవారికి ఇద్దామన్నారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. అర్ధరాత్రి పొయ్యి దగ్గర నిలబడే వదినగారికి ఆ మాత్రం దక్కవద్దా? అంతలో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్న ఒక తమ్ముడు, "అన్నయ్యా, ఇది చట్టానికి ఒప్పుతుందా?" అని మెల్లగా అడిగాడు. ఎనిమిదిమంది చదువుకున్నవాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాలో ఒకరు ఇంజనీరు, ఒకరు ఫార్మసిస్టు. లా చదివినవాళ్ళం కాము. అయినా ఆ మరునాడే కూర్చుని రాష్ట్ర చట్టం తీసి చదివాము.

న్యూజెర్సీ క్రిమినల్ చట్టంలో జూదం మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అందులో "ఆటగాడు" అంటే ఎవరో నిర్వచించారు. తాను గెలుచుకున్నది తప్ప ఆట వల్ల మరే లాభమూ పొందనివాడు ఆటగాడు. స్నేహితుల మధ్య అందరితో సమానంగా కూర్చుని ఆడేవాడు, ప్రతిఫలం తీసుకోకుండా మిత్రులను పిలిచినా, తన ఇల్లు ఇచ్చినా, పేక ముక్కలు సరఫరా చేసినా ఆటగాడుగానే ఉంటాడని అదే నిర్వచనం చెబుతోంది. మన శనివారం బల్లను చూసి రాశారా అన్నట్టుంది. కాని పందెంలోంచి ఇల్లుగలవారు వాటా తీసుకున్న క్షణం నుంచి వారు ఆటగాళ్ళ వరుసలోంచి లేచి, జూదాన్ని నడిపేవారి వరుసలో కూర్చుంటారు. అది నేరం. డాలరా, వంద డాలర్లా అన్నది కాదు. గెలుపు కాకుండా మరో ఆదాయం వచ్చిందా అన్నదే ప్రశ్న. బజ్జీల డబ్బా అని పేరు పెట్టినంత మాత్రాన అది మరొకటి అయిపోదు.

ఇది చదువుతుంటే మాకు సికిందరాబాదు గుర్తుకొచ్చింది. అక్కడ ఒక రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకుంటే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటలాగా రమ్మీ ఒట్టి అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కలు జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో నేర్పు కావాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని కోర్టు చెప్పింది. ఈ మాట మన రమ్మీ ప్రియులందరికీ కంఠస్థం. దాని పక్కనే ఉన్న రెండో మాట మాత్రం ఎవరూ చెప్పరు. ఇంటి యజమానిగాని, క్లబ్బుగాని ఆ ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే అప్పుడది నేరం కావచ్చునని అదే తీర్పులో ఉంది. సికిందరాబాదులోనూ న్యూజెర్సీలోనూ గీత దాదాపు ఒకేచోట గీశారు.

పౌరసత్వం మాట. దరఖాస్తు ఫారంలో మీరెప్పుడైనా చట్టవిరుద్ధంగా జూదమాడారా, దానివల్ల ఆదాయం పొందారా అన్న అర్థంలో ఒక ప్రశ్న ఉంటుంది. చాలామంది చదవకుండానే "లేదు" అని గుర్తు పెట్టేస్తారు. ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం, లెక్కలోకి తీసుకునే కాలంలో (మామూలుగా అయిదేళ్ళు) ఎవరి ఆదాయం ప్రధానంగా చట్టవిరుద్ధమైన జూదం మీద వచ్చిందో, లేక జూదపు నేరాల్లో రెండుగాని అంతకన్న ఎక్కువగాని శిక్షలు ఎవరికి పడ్డాయో, వారిని సత్ప్రవర్తన గలవారుగా పరిగణించరు. స్నేహితుల మధ్య ఇరవై డాలర్ల ఆటకు ఇది తగలదు. కాని బజ్జీల కోసం ఎవరిమీదైనా కేసు అంటూ వస్తే, ఇక్కడ పుట్టినవాడికీ మనకీ తేడా ఉంది. వాడు జుల్మానా కట్టి ఇంటికి పోతాడు. మనం ఆ కాగితం పట్టుకుని లాయరు చుట్టూ తిరగాలి.

ఇంటి బయట ఆడాలనుకునేవారికి దారి సులువే. అట్లాంటిక్ సిటీలో క్యాసినోలకు ప్రజలు 1976లో ఓటు వేశారు, మొదటిది 1978లో తెరిచారు. పోకరు మాత్రం 1993 దాకా అక్కడ అడుగు పెట్టలేదు. ఎడిసన్ నుంచి దాదాపు రెండు గంటల ప్రయాణం. అంత దూరం వద్దనుకుంటే ట్రెంటన్ దాటి పెన్సిల్వేనియాలోకి వెళితే బెన్‌సేలంలో పార్క్స్ ఉంది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి, గుర్తింపు కార్డు ఉండాలి. అక్కడ పందెంలోంచి బల్ల కమీషను తీస్తారు. వారికి లైసెన్సు ఉంది కనుక అది సక్రమం. మన వదినగారి డబ్బాకూ దానికీ ఉన్న తేడా అంతే.

ఫోను మీద ఆడే పోకరుకు న్యూజెర్సీ 2013 ఫిబ్రవరిలో చట్టం చేసింది, నవంబరులో ఆట మొదలైంది. అట్లాంటిక్ సిటీ క్యాసినోల లైసెన్సు కింద నడిచే సైట్లే చట్టబద్ధం. ఆడేవాడి నివాసం ఎక్కడైనా సరే, ఆడే నిమిషంలో మనిషి రాష్ట్రం సరిహద్దు లోపల ఉండాలి. ఫోను ఆ సంగతి కనిపెడుతూనే ఉంటుంది. గోథల్స్ వంతెన ఎక్కి స్టాటెన్ ఐలండులో దిగారంటే ఆట ఆగిపోతుంది, ఎందుకంటే న్యూయార్కులో అలాంటి చట్టం లేదు. నెవాడా, డెలవేర్, మిషిగన్, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాలు, 2025 నుంచి పెన్సిల్వేనియా, ఆటగాళ్ళను పంచుకునే ఒప్పందంలో మనతో ఉన్నాయి.

ఇక ఎక్కడో ద్వీపాల్లో కంపెనీ పెట్టి, ఏ రాష్ట్రం లైసెన్సూ లేకుండా నడిచే సైట్లు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, చిక్కంతా అక్కడే. 2011 ఏప్రిల్ 15న ఫెడరల్ ప్రభుత్వం పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, ఆబ్సల్యూట్ పోకర్ సైట్లను మూయించినప్పుడు ఫుల్ టిల్ట్ ఆటగాళ్ళ డబ్బు ఏళ్ళ తరబడి చిక్కుకుపోయింది. తిరిగి ఇవ్వడం 2014లోగాని మొదలుకాలేదు. అది పెద్ద కంపెనీ కనుక అలాగైనా వచ్చింది. మాకు తెలిసిన ఒక కుటుంబంలో కుర్రాడు ఇలాంటి లైసెన్సు లేని సైటులో రెండేళ్ళపాటు ఆడాడు. కాలేజీ ఫీజుకని తండ్రి వేసిన డబ్బు కూడా అందులోనే పోసాడు. ఒక దశలో గెలిచాడట కూడా, తీసుకోబోతే ఇవ్వలేదు. ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఆ తల్లి మాతో అన్న మాట ఒకటే: "పక్క గదిలోనే ఉన్నాడు వదినా, చదువుకుంటున్నాడనుకున్నాను."

మా అభిప్రాయం దాచుకోము. బల్ల దగ్గర ఆటకు ఒక కాపలా ఉంటుంది. వరసగా నాలుగు ఆటలు పోతే "ఇక చాలు లెండి బావగారూ, కాఫీ తాగుదాం" అనేవాడు ఒకడుంటాడు. ఫోనులో ఆ మనిషి లేడు. లైసెన్సున్న సైట్లలో రోజుకింత అని మీరే హద్దు పెట్టుకోవచ్చు. రాష్ట్రంవారి జాబితాలో పేరు రాయించుకుంటే ఏడాదిపాటో అయిదేళ్ళపాటో ఆడనివ్వరు. 1-800-426-2537కు ఫోను చేస్తే సాయం దొరుకుతుంది. ఆ కుర్రాడు చేశాడు.

ఇతర రాష్ట్రాల్లో ఉన్న మిత్రులకు నాలుగు మాటలు. కాలిఫోర్నియాలో లైసెన్సున్న కార్డ్‌రూములు ఉన్నాయి, శాన్ హోజేలోనే రెండు; ఆన్‌లైన్ పోకరుకు మాత్రం చట్టం లేదు. టెక్సస్‌లో ప్రైవేటు చోట, ఎవరికీ గెలుపు తప్ప వేరే లాభం లేకుండా, అందరికీ సమాన అవకాశాలతో ఆడితే చట్టం అడ్డురాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదాన్ని 2006లో పెద్ద నేరంగా చేశారు. రెడ్మండ్, బెల్వ్యూ మిత్రులు ఇది మరిచిపోవద్దు. యూటాలో ఏదీ లేదు.

సెలవులకు ఇండియా వెళ్ళేవారు కూడా వినాలి. ఆన్‌లైన్ రమ్మీకి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తలుపులు మూశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. శిక్షలు ఆ ఆటలు నడిపేవారికి, ప్రచారం చేసేవారికి. 1967 తీర్పు చదివి వినిపించే మామయ్యలకు ఈ సంగతి మెల్లగా చెప్పండి. ఇక్కడి ఖాతాను అక్కడ తెరవాలని దొంగదారులు వెతకవద్దు. ఖాతా మూసేస్తే లోపలున్న సొమ్ము కోసం కష్టపడేది మీరే.

పన్ను సంగతి అందరికీ విసుగే. గెలిచింది ఇంట్లోనైనా క్యాసినోలోనైనా ఆదాయమే. పోగొట్టుకున్నది తగ్గించుకోవాలంటే ఖర్చులన్నీ విడివిడిగా చూపించే పద్ధతిలో రిటర్ను వేయాలి. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 పన్ను సంవత్సరం నుంచి నష్టంలో నూటికి తొంభై వంతులే తగ్గిస్తారు. పదివేలు గెలిచి పదివేలు పోగొట్టుకున్నవాడు కూడా వెయ్యి డాలర్ల మీద పన్ను కట్టాలన్నమాట. చిట్టా రాసుకోండి.

ఇవన్నీ కిందటి శనివారం మా బల్ల ముందు పెట్టాము. డబ్బా ప్రతిపాదన ఆ రాత్రే వీగిపోయింది. బదులుగా, వచ్చేవాళ్ళే తలా ఒక వంటకం తేవాలని, ఒక్కొక్కరు ఇరవై డాలర్లకు మించి బల్ల మీద పెట్టకూడదని, ఆటలో అప్పు ఇవ్వకూడదని అనుకున్నాము. మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు. మూడోదానికి కొంత గొడవ జరిగింది, ఎందుకంటే అక్కడున్న ఇద్దరు మరో ఇద్దరికి అప్పటికే బాకీ. దీపావళికి సంఘం తరఫున పోకరు రాత్రి పెట్టి నిధులు పోగుచేద్దామన్న సూచన కూడా ఉంది. సంఘం అంటే ఇల్లు కాదు. ధర్మసంస్థల బింగో, రాఫిల్ వంటివాటికి అనుమతులిచ్చే కమిషన్ ఈ రాష్ట్రంలో ఉంది; ముందు వారికి ఉత్తరం రాసి, జవాబు వచ్చాకే హాలు మాట్లాడమని కార్యవర్గానికి చెప్పాము. వచ్చే శనివారం ఆట మా ఇంట్లోనే. గారెలు మావి, పెరుగన్నం ఎవరూ ఒప్పుకోలేదు ఇంకా.