పృచ్ఛకుని నేర్పు

అవధానసభలో పృచ్ఛకుల స్థానము గౌరవప్రదమైనదే. అయినను సభాసదుల దృష్టి అంతయు అవధానిమీదనే నిలిచియుండును. సమస్య నిచ్చినవారు, దత్తపది నిచ్చినవారు, నిషిద్ధాక్షరి నడపినవారు తమ పని ముగించి కూర్చుందురు. పూరించి, ధారణచేసి, అప్పగించు భారము అవధానిది. కంప్యూటరులోని దత్తాంశనిధి, అనగా డేటాబేస్, విషయమున ఈ క్రమము తారుమారగును. అచ్చట ధారణకు కొఱత లేదు. లక్ష వరుసలనైనను పొల్లుపోక అప్పగించును. కాని ఆ అవధానికి ఔచిత్యజ్ఞానము లేదు. అడిగినదానికి ఉత్తరమిచ్చునే కాని, అడుగదలచినది ఏమో గ్రహింపదు. కావున నేర్పంతయు పృచ్ఛకునియందే ఉండవలెను. ఆ నేర్పు కలదని పరులయెదుట నిరూపించుట ఎట్లు అను ప్రశ్న నేడు ప్రాచ్యభాషాధ్యాపకులకును అవసరమైనదే.

ఈ పృచ్ఛాభాష పుట్టి అర్ధశతాబ్ది దాటినది. 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఇ.ఎఫ్. కాడ్ దత్తాంశమును పరస్పర సంబంధముగల పట్టికలుగా అమర్చు సిద్ధాంతమును ప్రకటించెను. 1974లో అదే సంస్థయందలి డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ఆ పట్టికలను ప్రశ్నించుటకు సీక్వెల్ అను భాషను రూపొందించిరి. తరువాత దానికి ఎస్.క్యు.ఎల్. అను పేరు స్థిరపడినది. 1986లో అమెరికాలోను, 1987లో అంతర్జాతీయముగను దానికి ప్రామాణికత్వము లభించినది. ఏది కావలెనో చెప్పుటయే ఈ భాష లక్షణము. దానిని ఏ మార్గమున వెదకవలెనో యంత్రమే నిర్ణయించుకొనును.

భాష చిన్నది. సెలెక్ట్, ఫ్రం, వేర్, గ్రూప్ బై మొదలగు కొలది పదములను కొన్ని దినములలో కంఠస్థము చేయవచ్చును. అయితే సూత్రము వల్లించుట వేఱు, రూపసిద్ధి చూపుట వేఱు. వ్యాకరణపరీక్షలో ప్రక్రియ నడపనిదే పాండిత్యము తేలనట్లే, ఇచ్చటను ప్రయోగము చేసి చూపనిదే శక్తి తెలియదు. యోగ్యతాపత్రము ఉన్నంతమాత్రమున చాలదు.

ఉదాహరణమునకు ఒక తాళపత్రగ్రంథాలయమును ఊహింతము. అందు మూడు పట్టికలు కలవు. మొదటిది గ్రంథముల పట్టిక, రెండవది వాని ప్రతుల పట్టిక, మూడవది వ్యాఖ్యల పట్టిక. ప్రతి వ్యాఖ్యకును ఎదురుగ అది ఏ మూలగ్రంథమునకు చెందినదో ఆ సంఖ్య వ్రాయబడియుండును. ఒక పరిశోధకుడు "వ్యాఖ్య లేని గ్రంథములు ఏవి?" అని అడిగెను. అభ్యాసము చాలనివాడు, వ్యాఖ్యల పట్టికలోని మూలసంఖ్యలలో లేని గ్రంథములను ఇమ్మని 'నాట్ ఇన్' అను ప్రయోగముతో ప్రశ్న వ్రాయును. చూచుటకు నిర్దుష్టముగనే ఉండును. కాని వ్యాఖ్యలలో ఒక్కదానికి ఆద్యంతములు శిథిలమై, మూలమేదో తెలియక, ఆ గడి ఖాళీగ విడువబడినదనుకొందము. అప్పుడు ఉత్తరముగ ఒక్క గ్రంథమైనను రాదు. వ్యాఖ్య లేని గ్రంథమే లేదని పరిశోధకుడు భ్రమపడును. యంత్రము తప్పు పట్టదు, హెచ్చరింపదు.

కారణము తర్కశాస్త్రము చదివినవారికి సులభముగ బోధపడును. ఖాళీ గడికి ఈ భాషలో నల్ అని పేరు. అది అభావము కాదు, అజ్ఞాతము. భూతలమున ఘటము లేదను జ్ఞానము వేఱు. ఉన్నదో లేదో తెలియకుండుట వేఱు. ఈ భాషలో వాక్యమునకు సత్యము, అసత్యము, అజ్ఞాతము అని మూడు విలువలు కలవు. ఒక గ్రంథసంఖ్య తెలియని సంఖ్యకు భిన్నమా అని అడిగినచో సమాధానము అజ్ఞాతము. వేర్ అను షరతు సత్యమైనదానినే లోనికి అనుమతించును. తెలియని మూలము ఒక్కటి ఉన్నచో ఏ గ్రంథమునకును "వీనిలో లేదు" అని నిశ్చయింప వీలుకాదు. కనుక అన్నియు వెలియగును. అదే ప్రశ్నను 'నాట్ ఎగ్జిస్ట్స్' అను ప్రయోగముతో, ఈ గ్రంథమును మూలముగ పేర్కొన్న వ్యాఖ్య ఒక్కటియు కనబడకున్నచో ఇమ్మని అడిగినచో, జాబితా వచ్చును.

అంతటితో పని ముగియలేదు. మూలము తెలియని ఆ వ్యాఖ్య జాబితాలోని ఏదో ఒక గ్రంథమునకు చెందినదై ఉండవచ్చును గదా. భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణముగ అంగీకరించిరి; నైయాయికులు అంగీకరింపరు. అయినను, ఉన్నచో కనబడదగిన వస్తువు కనబడనప్పుడే దాని లేమి సిద్ధించునను నియమమున ఉభయులకును సమ్మతి కలదు. మూలనిర్ణయము కాని వ్యాఖ్య ఉన్నంతవరకు ఈ యోగ్యత పూర్ణము కాదు. కావున నేర్పరి జాబితాతో పాటు "మూలము తెలియని వ్యాఖ్య ఒకటి కలదు" అని చేర్చి యిచ్చును. ఈ చేర్పే అతని శక్తికి నిదర్శనము.

రెండవ ప్రమాదము లెక్కింపునకు సంబంధించినది. ఒక కావ్యమునకు 3 ప్రతులు, 2 వ్యాఖ్యలు కలవనుకొందము. మూడు పట్టికలను ఒక్కసారిగ కలిపి ప్రతులను లెక్కించినచో 6 అని వచ్చును. ప్రతి ప్రతియు ప్రతి వ్యాఖ్యతోను జతపడుటయే దీనికి హేతువు. ప్రతులను వేఱుగ, వ్యాఖ్యలను వేఱుగ లెక్కించి, పిమ్మట ఆ లెక్కలను కలుపుట సరియైన పద్ధతి.

మూడవది భాషకు సంబంధించినది. యూనికోడ్ మొదటి సంపుటము 1991లో వెలువడినప్పటినుండి తెలుగు లిపికి అందు స్థానమున్నది. అయితే ర, ఱ అను రెండు వర్ణములకు అందు వేర్వేరు సంకేతములు. 'రామాయణము' అని వెదకినవానికి 'రామాయణం' చిక్కదు. టీక, టిప్పణి, వివరణము అను పేర్లు వ్యాఖ్యలకు చెల్లునని యంత్రమెఱుగదు. ఇచ్చట పండితుని జ్ఞానమే ప్రశ్నను పూర్ణము చేయును.

కావున పరీక్షకుడు అభ్యర్థిని నిర్వచనములు అడుగుటకంటె, ఇరువది వరుసల చిన్న పట్టికను ఇచ్చుట మేలు. అందు ప్రతి లేని గ్రంథమొకటి, మూలము తెలియని వ్యాఖ్య యొకటి, రెండు విధముల వ్రాయబడిన పేరొకటి ఉండవలెను. అభ్యర్థి ముందుగ ప్రశ్నను తెలుగువాక్యముగ చెప్పవలెను. కాగితముమీద చేతితో లెక్కించి ఉత్తరము వ్రాసికొనవలెను. పిదప యంత్రమును అడిగి రెంటిని పోల్చవలెను. భేదము వచ్చినచో దానికి హేతువు చెప్పగలవాడే సమర్థుడు. ఉత్తరము సరిపోయినను, ఆ ప్రశ్న దేనిని తెలుపజాలదో కూడ చెప్పగలవాడు మఱింత సమర్థుడు.

ఇంత జాగ్రత్త ఏల యనిన, తప్పు ప్రశ్నకు వచ్చిన సంఖ్య చూచుటకు సరియైన సంఖ్యవలెనే ఉండును. అది ఒక సిద్ధాంతవ్యాసపు అధస్సూచికలోనికి ఎక్కినచో, అచ్చటినుండి మఱియొక వ్యాసమునకు, దానినుండి వేఱొకదానికి ప్రాకును. ఆ పట్టికను మరల ఎవరును తెఱచి చూడరు. ఒక గ్రంథమునకు వ్యాఖ్య లేదని స్థిరపడినచో, పెట్టెలో మిగిలియున్న ఆ శిథిలవ్యాఖ్యను విప్పువారుండరు. పూర్వము సూచీకర్తలు ఆకులు తిరుగవేసి వ్రాసిన సూచికలలోను దోషములు కలవు. కాని సందేహము కలిగినచోట సందేహచిహ్నమైనను ఉంచుటకు వారికి వీలుండెను. యంత్రమునకు సందేహించుట తెలియదు. ఆ సందేహమును పృచ్ఛకుడు తన ప్రశ్నతో కూడ తీసికొనిపోవలెను.