మడికి పనికొచ్చే టమాటా

మా మేనకోడలు ఆ రోజు చెప్పులు విప్పుతూనే, "అత్తయ్యా! నువ్వు కథలు రాస్తావుగా, నాకో పది నిమిషాల కథ రాసివ్వాలి" అంది.

"ప్రేమకథా?"

"కాదు, టమాటా కథ!"

పిల్ల పిహెచ్.డి. చేసింది. టమాటాలు తొందరగా మెత్తబడకుండా పైన పల్చటి పూత వేసే పద్ధతి మీద నాలుగేళ్లు కష్టపడింది. ఇప్పుడు దాన్ని వ్యాపారంగా నిలబెట్టాలని ఆరాటం. 2015లో హైదరాబాదులో టీ-హబ్ మొదలయ్యాక ఇలాంటి పిల్లలకి తట్టడానికో తలుపు దొరికింది. పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు పది నిమిషాల్లో తన సంగతి చెప్పుకోవాలి. చేతికొచ్చిన లెక్చరరు ఉద్యోగం వద్దనుకుంది. వాళ్ల నాన్నగారు ఒక్క ఏడాది గడువిచ్చారు.

రాసుకొచ్చింది చదివి వినిపించింది. నేను బి.ఏ. దాన్ని. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!

"ఇది మీ గైడుగారి కోసం రాసినట్టుందే. కొనేవాళ్ల కోసం చెప్పు. ఇంతకీ ఆ పూత దేనితో చేస్తావు?"

"రొయ్య పెంకులతో అత్తయ్యా. అందులోంచి కైటోసాన్ తీస్తాం. మన కోస్తాలో పెంకులకి కొదవేముంది?"

వంటింట్లోంచి మా అత్తగారు గరిటెతో సహా వచ్చేశారు. "రొయ్యలా! ఇక టమాటా ఈ గడప తొక్కడానికి వీల్లేదు!"

నేను పడీ పడీ నవ్వాను. పిల్ల మొహం మాత్రం చిన్నబోయింది. నాలుగేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదట. అడిగే అమ్మమ్మలు ప్రయోగశాలలో ఉండరు మరి!

మర్నాడు ఇద్దరం రైతుబజారుకి వెళ్లాం. "నా సరుకు సాయంత్రానికి అమ్ముడైపోద్దమ్మా, నాకెందుకు పూత? మదనపల్లె నుంచి లారీలో వచ్చేవాళ్లనడుగు" అంది టమాటాలామె. పిల్ల గబగబా పుస్తకంలో రాసుకుంది.

శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాదరెడ్డిగారు చదివింది ఇంజనీరింగు. ఉస్మానియాలో మొదలైన పని, సీసీఎంబీ ఆసరాతో సాగి, 1997లో హెపటైటిస్-బి టీకా అయింది. ఖరీదైన విదేశీ టీకా మనవాళ్లకి అందడం లేదన్న బాధ ముందు పుట్టింది, సీసా తర్వాత వచ్చింది. ఆ మాటే పిల్లకి చెప్పాను.

కథ తిరగరాశాం. మొదటి వాక్యంలోనే లారీ వచ్చింది. కైటోసాన్ శిలీంధ్రాల నుంచి, అంటే పుట్టగొడుగుల జాతి నుంచి కూడా తీయొచ్చట. అంటే మళ్లీ ప్రయోగాలు, మళ్లీ ఖర్చు. మొదటి చోట డబ్బు రాలేదు. పిల్ల ఏడ్చింది, మొహం కడుక్కుంది, లాబ్‌కి వెళ్లింది. గడువింకా ఏడు నెలలుంది.

పెట్టుబడి దొరకలేదు గానీ, మొదటి బేరం మాత్రం ఇంట్లోనే తగిలింది. ప్రతి ఆదివారం మా అత్తగారు ఫోను చేసి అడుగుతున్నారు: "ఏమే, నా మడికి పనికొచ్చే టమాటా ఎప్పుడు తెస్తావే?"