మూసిన పుస్తకం

నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో బట్టలు కుట్టి జీవించే గృహిణి ఒకామె ముప్పైనాలుగవ ఏట డిగ్రీ చదవాలని సంకల్పించింది. పదవ తరగతితోనే ఆగిపోయిన చదువు అది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఆరంభమై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు దాల్చిన విద్యాసంస్థ మన దేశంలో ఆ కోవకు చెందిన మొట్టమొదటిది. కళాశాల గడప తొక్కలేనివారికై వెలసిన ఆ సంస్థలో అర్హత పరీక్ష రాసి ఆమె చేరింది.

మొదటి సంవత్సరం ఆమె శ్రమకు లోటు లేదు. రాత్రి పదింటికి కుట్టుమిషనుపై గుడ్డలు తొలగించి, అక్కడే పుస్తకం తెరిచేది. ప్రతి పాఠాన్నీ నాలుగేసిసార్లు చదివింది. పుటలన్నీ ఎర్రసిరా గీతలతో నిండిపోయాయి. తీరా ఫలితాలు వచ్చేసరికి చరిత్రలో తప్పింది. “అంతా వచ్చినట్టే ఉండేదమ్మా, కాగితం ముందు కూర్చుంటే ఒక్కటీ అందలేదు” అని ఎనిమిదవ తరగతి చదివే కూతురితో చెప్పుకొని కంటతడి పెట్టింది. ఈ వయసులో చదువెందుకు, నాలుగు జాకెట్లు ఎక్కువ కుట్టుకొమ్మని ఇంట్లోవారు హితవు పలికారు.

వచ్చినట్టు ఉండటమే అసలు చిక్కు. కంటికి అలవాటైన వాక్యం మనసుకు పట్టుబడిందనే భ్రమ కలుగుతుంది. తరగతిలో గురువు ఒక్క ప్రశ్నతో ఆ భ్రమను పోగొడతాడు. ఒంటరి చదువులో అడిగేవారుండరు. ఇటువంటిచోట ఏకలవ్యుణ్ణి తలచుకోవటం పరిపాటి. అయితే బాణం తగిలిందో లేదో అతనికి గురి వెంటనే తెలిపేది. పుస్తకం అలా తెలపదు.

అధ్యయన కేంద్రంలో ఒక ఆదివారం అధ్యాపకుడు ఆమె పుస్తకం తిరగేసి, “గీతలు చాలునమ్మా. ఇక మూసి, గుర్తున్నది రాయండి” అన్నాడు. మొదటినాడు అయిదు వాక్యాలు కూడా రాలేదు. ఏది రాలేదో మాత్రం తెలిసింది. అప్పటినుంచి పగలు కాజాలు కుడుతూ, రాత్రి చదివినదాన్ని తనలో తాను చెప్పుకునేది. మరునాడు, మూడవనాడు, వారానికి మరల కూతురు పుస్తకం పట్టుకొని ప్రశ్నలు వేసేది. అర్థంలేని అక్షరాలను తానే వల్లెవేసి, నేర్చినదానిలో అధికభాగం తొలిదినాలలోనే జారిపోతుందని జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే వెల్లడించాడు. ఆయన పేరు ఆమె వినలేదు. జారిపోయేదాన్ని జారకముందే పట్టుకోవటం మాత్రం నేర్చింది.

మరుసటి పరీక్షలో చరిత్ర గట్టెక్కింది. రెండవ సంవత్సరం పుస్తకాల కట్ట విప్పినప్పుడు కూతురు ఎర్రకలం అందిస్తే ఆమె పక్కనపెట్టి, తెల్లకాగితాలు తెమ్మన్నది.