బల్ల దగ్గర చోటు

నాకు రెండో ఏట పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. మాదిగపల్లెలో నేను కుంటోణ్ణి, ఊళ్లో మాదిగ కుంటోణ్ణి. వాక్యం చెప్పటం మొదలుపెట్టాక మావాళ్లకి అయ్యగారినయ్యాను. ఊరికి మాత్రం పాత పేరే.

స్వస్థత కూటాల్లో నా చంకకర్ర కనపడితే చాలు, తలమీద చేతులేసి కేకలుపెట్టి ప్రార్థన చేసేవాళ్లు. కాలు లేవకపోతే ‘విశ్వాసం చాల్లేదు తమ్ముడూ’ అనేవాళ్లు. మా పల్లె కష్టం తీరాలని మాత్రం ఒక్కరూ మోకరించలా.

లేవీయకాండం 21వ అధ్యాయంలో, కుంటివాడు బలిపీఠం దగ్గరికి రాకూడదని ఉంది. అది చదివినప్పుడల్లా మా తాత గుర్తొస్తాడు. ఆయన కాళ్లు గట్టివే. అయినా ఊరి గుడి మెట్టు ఎక్కనియ్యలేదు.

సర్కారు లెక్క ఇంకోటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదాకి మతం అడ్డం పెట్టారు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఆ అడ్డం తీశారు. క్రైస్తవులకి ఇంకా తియ్యలేదు. బాప్తిస్మంతో నేను బి.సి.-సి అయ్యాను. కాలు కుంటిదని డాక్టరు కాయితం ఇచ్చాడు. మాదిగనని కాయితం లేదు. దానికి ఊరి నోరే చాలు.

నా మనిషి మెఫీబోషెతు. రెండో సమూయేలు 9వ అధ్యాయంలో ఉంటాడు. రెండు కాళ్లూ కుంటివే. దావీదు ఆ కాళ్లు బాగుచెయ్యలా. తాత సౌలు భూమి తిరిగిచ్చాడు, రోజూ తన బల్ల దగ్గరే అన్నం పెట్టాడు. కుంటివాడు కుంటివాడిగానే రాజు పక్కన కూచుని తిన్నాడు.

నా కాలు సంగతి నేనూ దేవుడూ చూసుకుంటాం. భూమి సంగతి, బల్ల సంగతి మీరు చెప్పండి.