పేట కల్లుకి టైముంటుంది బాసూ!

ఏప్రిల్ పొద్దున, చిలకలూరిపేట దాటి పొలాల బాట పట్టాం. కళ్లాల్లో ఎర్రగా మిర్చి, గట్ల మీద తాటిచెట్లు. గీత బాబాయ్ మోకు వేసుకుని ఎక్కి, ముంత దించి, తాటాకు డొప్పలోకి వంచాడు. ముందు తీపి, వెనకే సన్నటి పులుపు, నాలుక మీద చురచుర. బండి నడిపే ఫ్రెండ్‌కి మాత్రం ముంజలే!

ఆ నురగకి ఎవరూ గ్యాస్ కలపలేదు. గెల నుంచి కారిన రసంలోని చక్కెరని ఈస్ట్ తింటూ పుట్టించిందే. ముంతకి సున్నం పూస్తే పులవదు, అది నీరా.

ఇంగ్లండ్‌లో కాస్క్ ఏల్ అనే బీరుదీ ఇదే దారి. పీపాలోనూ ఈస్ట్ బతికే ఉంటుంది, తెరిచాక మూడు రోజుల్లో తాగేయాలి. ఇలాంటి బీరుని కాపాడుకోడానికి అక్కడివాళ్లు 1971లో కామ్రా అని సంఘమే పెట్టుకున్నారు. మన కల్లుకి మూడు రోజులెక్కడివి? పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు. అందుకే ఊళ్లు దాటొచ్చే సీసా కల్లుని నేను నమ్మను. చెట్టు కిందే తాగాలి.

"మీ అబ్బాయి ఎక్కుతాడా బాబాయ్?"

"వాడు గుంటూరులో ఆటో తోలతన్నాడయ్యా. మోకు ముట్టుకోడు" అంటూ ఇంకో చెట్టు వైపు నడిచాడు.