రాగిపలక కోత

విద్యుత్పథములను రాగిపలకపై తీర్చుటకు పూర్వము పలకను కావలసిన కొలతకు గోయవలెను. ఇంటియందు పనిచేయువారికి మొదటి చిక్కు నిచ్చటనే కలుగును. గ్రంథములలో దీనికి రెండు మూడు వాక్యములకంటె నెక్కువ చోటు దొఱకదు; గావున నా యెఱిగినంత వ్రాయుచున్నాను.

బజారున లభించు పలకలలో రెండు తెగలు ముఖ్యములు. గోధుమవన్నెది కాగితమును ఫినాలిక్ రెసిన్‌తో నదిమి చేసినది. వెల తక్కువ, పెళుసు. రెండవది గాజునూలు బట్టను ఎపాక్సీతో గట్టిపఱచినది, దీనినే ఎఫ్.ఆర్.-4 అందురు. దీని మందము సాధారణముగా 1.6 మి.మీ., పైనున్న రాగిరేకు 35 మైక్రానులు. రాగి కోతకు లెక్కలోనిది కాదు. ఉక్కుపండ్ల నరుగదీయునది లోని గాజే.

హాక్‌సా అందఱింటను దొఱకును. అయితే అంగుళమునకు 18 పండ్ల బ్లేడున పన్నునకు పన్నునకు నడుమ 1.4 మి.మీ. ఉండును. పలక మందముపై నొక్కసారి యొక్క పన్నే యానుటచే అంచు పెచ్చులూడును. 32 పండ్ల బ్లేడైనను రెండే యానును. రంపమును బాగుగ ఏటవాలుగా నడపినచో మఱికొన్ని పండ్లు పనిలోనికి వచ్చును. రేకుల కత్తెర మాత్రము వలదు. దాని యొత్తిడికి పొరలు విడి, అంచున తెల్లని చాఱ లేర్పడును.

మా నాయనగారు వజ్రపుపొడి పూసిన బిళ్ల తగిలించు చిన్న విద్యుద్యంత్రమును కొనిపెట్టుదుమనిరి. నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగు నా బిళ్లకు గాజు లొంగుననుటలో సందేహము లేదు. కాని అది లేపు ధూళి మిక్కిలి సన్నము. ఊపిరికిని చర్మమునకును బాధాకరము. మాది రెండు గదుల యిల్లు, నా చెల్లెలికి ఉబ్బసము. ఎన్-95 ముసుగు పనిచేయువానిని గాపాడును. ప్రక్కగదిలో నిద్రించు పిల్ల కది యేమి సాయము? అమ్మ యడిగినది మఱొకటి: "ఆ పొడి బియ్యంలో పడదు కదరా?" ఈ రెండు ప్రశ్నలతో యంత్రము మాట ముగిసెను.

నేను నిలుపుకొన్న పనిముట్టు విరిగిన హాక్‌సా బ్లేడు ముక్క. దాని కొనను కొక్కెమువలె సానబట్టి, పిడికి గుడ్డ చుట్టితిని. సానబట్టునపుడు ఉక్కు పదును చెడకుండ మాటిమాటికి నీట ముంచవలెను. పలకపై ఉక్కు బద్ద నుంచి, గీసినచోటనే పదిమాఱులు గీయుదును. పిదప వెనుకవైపున సరిగా నదేచోట మఱల గీయుదును. గీత బల్ల యంచునకు సరిపడ నుంచి, చెక్కముక్కతో నదిమి వంచిన 'టప్పు'మని విరుగును. రాలు పొడి గరుకుగా నుండి క్రిందనే పడును. తడిబట్టతో తుడిచిన సరి. అంచును నూనుపు చేయుటకు గరుకు కాగితమును తడిపియే వాడుదును.

తిన్నని గీతలకే యీ ఉపాయము చెల్లును. మూలలో గంటు పెట్టవలెనన్న సన్నని కమాను రంపము తప్పదు. అట్టి పనిని చెల్లెలు బడికి బోయిన వేళ, ముసుగు ధరించి, పెరటిలో తడిగుడ్డ పఱచుకొని చేయుదును. ఆ గుడ్డను విదలింపను. ఆఱకముందే బకెట్టులో ముంచుదును.