ఇరుసు చీల

దశరథుని రథమునకు ఇరుసు చీల ఊడిపోగా కైక తన వ్రేలు దూర్చి రథమును నిలిపెనని మన పెద్దలు చెప్పెడి కథను సోదరీమణు లందఱును వినియే యుందురు. వాల్మీకమున నీ వ్రేలి మాట లేదు. యుద్ధమున గాయపడిన పతిని కైక దూరముగా గొనిపోయి కాపాడెనని మాత్రమే కలదు. అయినను గడచిన మాఘమాసమున మాకు ముసలమ్మల కథయే పలుమాఱు జ్ఞప్తికి వచ్చినది.

మా యింట పాత చిన్న కారొకటి కలదు. దానికి క్లచ్చి మార్పించిన నాటినుండి స్పీడుబ్రేకరు దాటినపు డెల్ల ముందుభాగమున టక్కుమని చప్పుడు. తిన్నని బాటలో పోవునపుడును స్టీరింగు ఒక ప్రక్కకు వ్రాలి యుండెడిది. అత్తగారిని కంటి శస్త్రచికిత్సకై నంద్యాలకు గొనిపోవలసిన దినము దగ్గఱపడుచుండెను. మార్కాపురమునుండి కంభము, గిద్దలూరు దాటిన పిమ్మట నల్లమల కనుమ. ఆ మలుపులలో ఈ చప్పుడుతో పోవుటకు మాకు మనసొప్పలేదు.

మావారు బడిపంతులు. దీపము పట్టుకొని చూచి, ఇంజనుక్రింద అడ్డముగా నుండు ఇనుపచట్రపు బోల్టొకటి వదులైనదని కనుగొనిరి. ఆ చట్రమును సబ్‌ఫ్రేము అందురు. ముందు చక్రములను పట్టియుంచు చేతులు దానికే బిగింపబడి యుండును. అది కదలిన చక్రమును కదలును. క్లచ్చి పనికై దానిని దింపినవారు పాత బోల్టులనే తిరిగి వేసిరి కాబోలు. క్రొత్తవి తెప్పించి యింటనే బిగింతునని మావారు పట్టుపట్టిరి.

మేమును ఒక పట్టు పట్టితిమి. జాకీ కారు నెత్తుటకే గాని మనుష్యుడు క్రింద నుండగా మోయుటకు గాదు. ఇనుప స్టాండ్లు రెండు ఇంటికి వచ్చువఱకు పానాల పెట్టెను బీరువాలో నుంచి తాళము వేసితిమి. కోపమనుకొనిరి, అది భయము. మా ముంగిట పఱచినవి ఈ యూరి పలకరాళ్లు. పొరలుపొరలుగా చీలు గుణముచేతనే అవి బడిపిల్లల పలకలైనవి. అట్టి రాతిపై స్టాండు కాలు మోపరాదని, పెరటి సిమెంటు నేలపై కారు నిలిపి, వెనుక చక్రములకు రాళ్లడ్డము వేయించితిమి.

ముందురాత్రియే తుప్పునకు నూనె పోసియుంచిరి. ఉదయమున చట్రము క్రింద వేఱొక జాకీని ఆనించి, ఒక బోల్టు తీసి, దాని చోట క్రొత్తది చేతితో నెక్కించిన పిదపనే రెండవదానిని ముట్టిరి. అన్నియు నొక్కమాఱు తీసినచో చట్రము జరిగి చక్రముల వరుస తప్పును. ఏది ఎచ్చటిదో మేము పలకమీద బలపముతో వ్రాయుచుంటిమి.

ఆ పలకమీదనే ఒక వింత కనబడినది. పాతదానిని, క్రొత్తదానిని తలలు సరిగా నుంచి ప్రక్కప్రక్కన పెట్టగా, పాతది గోరు మందమంత పొడవు! మెడకడ సన్నగిలియు నున్నది. వీనిని రెండవమాఱు వాడరాదని కారు పుస్తకమున నేల వ్రాసిరో అప్పటికి గాని మాకు బోధపడలేదు. బిగించినపుడు బోల్టు వీణతంత్రివలె రవంత సాగును; సాగిన యుక్కు ముడుచుకొన గోరుటయే దాని పట్టు. మేర మీఱి సాగినది మరల మునుపటివలె ముడుచుకొనదు. తలపై 10.9 అని చెక్కియున్నది. మొదటి అంకె చదరపు మిల్లీమీటరునకు సుమారు 100 కిలోల బరువునకు తెగదని చెప్పును. రెండవది, అందు నూటికి 90 వంతుల వఱకు శాశ్వతముగా సాగదని.

బిగింపునకు కొలత చూపు పానాను ఎరువు తెచ్చిరి. దాని లెక్క న్యూటన్ మీటర్లు. మీటరు పొడవు పిడి కొనను 10 కిలోల బియ్యపు సంచి వ్రేలాడదీసిన 98 అగును. కావలసిన అంకె ప్రతి కారునకును వేఱు గనుక మాది ఇచ్చట వ్రాయము. మన బలములో నూటికి 90 వంతులు రాపిడికే పోవును, సాగదీయుటకు మిగులునది 10 వంతులే. అందుచేత మరలకు నూనె రాసితిమా, పొడిగా నుంచితిమా అనుదానిచే పట్టు మిక్కిలి మాఱిపోవును. మరలు పొడిగా నుండవలెనని పుస్తకము చెప్పినది. పాత నూనెనంతయు తుడిపించితిమి.

పానా క్లిక్కుమన్న తరువాత మావారు "ఇంకొక్క పట్టు" అనిరి. మేము చేయి పట్టుకొంటిమి. పప్పులో ఉప్పు కొలిచి వేయుమని మాకు నిత్యము బోధించెడివారు వారే సుమా!

కడపట ప్రతి బోల్టు తలమీదినుండి చట్రము మీదికి మా గోళ్లరంగుతో గీత గీసితిమి. మఱునాడు దుకాణమున చక్రముల వరుస సరిచేయించిరి.

ప్రయాణమునాడు గిద్దలూరులో ఆగి, కొంగు నడుమున దోపుకొని వంగి చూచితిమి. గీతలొక్కటియు చెదరలేదు. కనుమ నెక్కునప్పటికి అత్తగారు వెనుక సీటులో నిద్రపోయిరి. నంద్యాల వచ్చువఱకు మేలుకొనలేదు.